అన్న చదివే బడా, వీధి చివరి బడా: చిన్నదానికి ఏది మేలు?

మా పెద్దవాడు మూడో తరగతి. ఇల్లు నిజాంపేటలో, బడి సికింద్రాబాద్ వైపు. చిన్నదానికి మూడేళ్లు నిండాయి. అక్టోబరులో వాడి డైరీలో ఒక గులాబీ రంగు కాగితం అతికించి పంపారు: తోబుట్టువుల దరఖాస్తులు ఈ నెలాఖరులోపు ఇవ్వాలట. అది చూసి మా అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టినంత పని చేశారు. పెద్దవాడి సీటు కోసం మేం పడ్డ తిప్పలు ఆవిడ కళ్లారా చూశారు మరి. నాలుగు బడుల ఫారాలు, రెండు లాటరీలు, ఒక వెయిటింగ్ లిస్టు. ఈసారి అవేవీ లేవు, ఒక గడిలో అన్న అడ్మిషన్ నంబరు రాస్తే చాలు. "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటారా?" అన్నారు.

రెండో దారి మా వీధి చివర ఉన్న చిన్న బడి. నడిచి వెళ్తే మూడు నిమిషాలు. పేరు మోసినది కాదు, రెండంతస్తుల ఇల్లు, ముందు కాస్త ఇసుక, ఒక ఉయ్యాల. మా తమ్ముడు మూడో దారి కూడా చెప్పాడు, ఇద్దరినీ కలిపి మరో పెద్ద బడికి మార్చేయమని. స్నేహాలు కుదిరిన ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని పెకలించి రెండు అడ్మిషన్ ఫీజులు కట్టే ఆలోచన కనుక దాని గురించి రెండోసారి మాట్లాడుకోలేదు.

అన్న బడిలో సీటుకు ఉన్న గుణాలు నిజమైనవే. సెలవులు ఒకే రోజు వస్తాయి. పేరెంట్స్ మీటింగ్ ఒకే శనివారం అయిపోతుంది. జూన్‌లో నర్సరీ గేటు దగ్గర నిలబడితే ఇంకొకటి కనిపిస్తుంది. అన్న ఉన్న పిల్ల కూడా మిగతావాళ్లలాగే గుక్కపట్టి ఏడుస్తుంది, కాని ఆయా వెళ్లి మూడో తరగతిలోంచి అన్నను పిలుచుకొస్తే ముక్కు తుడిపించుకుని కూర్చుంటుంది. దానికి నేను విలువ కట్టలేను.

డబ్బు లాభం మాత్రం చెప్పుకున్నంత లేదు. రెండో బిడ్డకు రాయితీ అంటే మా బడిలో ట్యూషన్ ఫీజులో పదో వంతు. అడ్మిషన్ ఫీజు, బస్సు ఫీజు పూర్తిగా కట్టాల్సిందే. అన్న పుస్తకాలు చెల్లికి పనికొస్తాయన్న ఆశ కూడా వద్దు. ఈ ఐదేళ్లలో పుస్తకాలు రెండుసార్లు మారాయి, యూనిఫాం రంగు ఒకసారి మారింది. చివరికి మిగిలింది బెల్టు.

తోబుట్టువులకు ఇలా ముందుగా సీట్లివ్వడం అసలు న్యాయమేనా అని అడిగింది మా పక్క ఫ్లాటు ఆవిడ. ఆవిడకు ఒక్కతే కూతురు, అదే బడికి ఫారం పెట్టింది. మాట వరసకు 120 సీట్లు ఉన్నాయనుకుందాం. తోబుట్టువులకు 45, సిబ్బంది పిల్లలకూ పూర్వ విద్యార్థుల పిల్లలకూ కలిపి 15 పోతే లాటరీకి మిగిలేవి 60. అంటే మొదటి బిడ్డతో వచ్చినవారికి సగం తలుపే తెరుచుకుంటుంది. చట్టం మాట కూడా పైకి ఆవిడ వైపే వినిపిస్తుంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ఒక బిడ్డను కాదని ఇంకో బిడ్డను తీసుకోవడానికి లాటరీ లాంటి పద్ధతి కాకుండా మరేది వాడినా అది చట్టం వద్దన్న వడపోత (స్క్రీనింగ్) కిందికే వస్తుంది. వడపోతకు మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. అయితే అదే ఏడాది నవంబరులో వచ్చిన కేంద్రం మార్గదర్శకాలు, సహేతుకమైన కారణం ఉంటే దరఖాస్తులను వర్గాలుగా విడదీసుకోవచ్చని, ఎంపిక మాత్రం లాటరీ పద్ధతిలోనే జరగాలని చెప్పాయి. తోబుట్టువుల గడి ఆ సందులో నిలబడింది.

నా మట్టుకు ఈ ప్రాధాన్యం ఉండాలనే అంటాను. ఎనిమిది గంటలకు రెండు గేట్ల దగ్గర ఒకే తల్లి నిలబడలేదు కదా. ఎత్తేయాల్సింది పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చేదాన్ని. 1923లో బేగంపేటలో జాగీర్దార్ల కాలేజీ పెట్టింది జాగీర్దార్ల కొడుకుల కోసం. జాగీర్లు రద్దయ్యాక 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. తండ్రి పేరు చెప్పి సీటు అడగడం ఆ జాగీర్లతోనే పోయి ఉండాల్సింది.

ఇక దూరం. ఢిల్లీలో 2013 డిసెంబరులో నర్సరీ ప్రవేశాలకు 100 పాయింట్ల లెక్క ఒకటి పెట్టారు. ఇల్లు దగ్గరుంటే 70, తోబుట్టువు అదే బడిలో ఉంటే 20, పూర్వ విద్యార్థుల పిల్లలకూ వేరే రాష్ట్రం నుంచి బదిలీపై వచ్చినవారికీ చెరి 5. ప్రవేశాల విషయంలో బడులకున్న స్వేచ్ఛను అది లాగేసుకుంటోందని 2014 నవంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, 70కీ 20కీ మధ్య ఉన్న ఆ తేడా నాకు నచ్చింది. మన ఊళ్లో ఏ బడి లెక్క దానిదే కనుక, ఆ పాయింట్లు మా వంటింట్లోనే వేసుకున్నాను.

మావాడి బస్సు 6.50కి. ఇడ్లీ సగం ఇంట్లో, సగం మెట్ల మీద. మూసాపేట, బాలానగర్ దాటి బోయినపల్లి చేరేసరికి గంట. సాయంత్రం 4.10కి దిగినప్పుడు వాడి చెంప మీద కిటికీ ఊచ అచ్చు ఉంటుంది, ఆ వైపు జుట్టు అణిగిపోయి ఉంటుంది. ఎనిమిదేళ్లవాడు తట్టుకుంటున్నాడు. చిన్నది ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ నిద్రలోకి జారుతుంది.

పైగా మా ఇద్దరికీ తట్టని విషయం బడి ఆఫీసులో గుమస్తా చెప్పాడు. నర్సరీని 12 గంటలకే వదిలేస్తారు, మూడో తరగతిని 3 గంటలకు. పొద్దున కలిసి వెళ్తారు, తిరిగి కలిసి రారు. మధ్యాహ్నం ఎండలో ఆ గంట ప్రయాణం చిన్నది అన్న లేకుండానే చేయాలి. అత్తయ్య వాదనకు ఆయువుపట్టు అన్నాచెల్లెళ్ల జత. అది సగం పూట జతేనని తేలింది.

వీధి చివరి బడికి ఉన్న నష్టం చిన్నదేమీ కాదు. మా పెద్ద బడిలో తోబుట్టువుల ప్రాధాన్యం నర్సరీకే. ఒకటో తరగతికి వెళ్లి అడిగితే ఖాళీ ఉంటేనే సీటు. మావారి అభ్యంతరమంతా అదే: మూడేళ్ల సుఖం కోసం పన్నెండేళ్ల సీటు వదులుకుంటున్నామని. లెక్కగా చూస్తే ఆయన మాట తీసిపారేయలేం. అయినా ఇంటికీ బడికీ మధ్య అరగంట లోపైతే కళ్లు మూసుకుని అన్న బడికే నా ఓటు, గంటైతే కాదు. పెద్దవాణ్ని అంత దూరం పంపడం పొరపాటేమోనని లోలోపల అనుకుంటూనే చిన్నదాన్నీ అదే బస్సు ఎక్కిస్తే, ఒక పొరపాటుకు రెండు టర్మ్ ఫీజులు కట్టినట్టే. (ఈ నగరంలో వేర్వేరు బడుల అన్నాచెల్లెళ్లు కొత్తేమీ కాదు. అన్న మగపిల్లల బడి హైదరగూడ సెయింట్ పాల్స్‌లో, చెల్లి ఆడపిల్లల బడి గన్‌ఫౌండ్రీ రోజరీ కాన్వెంట్‌లో అయితే తోబుట్టువుల గడితో పనే ఉండదు.)

మీ ఇంటికి ఆ కాగితం వస్తే ఫారం నింపే ముందు ఆఫీసులో కొన్ని అడగండి. ఇది ఖాయం సీటా, లేక లాటరీలో ముందు వరుసా? పెద్దబిడ్డ ఈ ఏడాదే పదో తరగతి ముగించి వెళ్లిపోతే లెక్కలోకి వస్తుందా? నర్సరీ బస్సులో ఆయా ఎక్కడి వరకు వస్తుంది? కవలలున్నవారు ఇంకా ముందు అడగాలి. ఇద్దరిలో ఎవరూ ఇంకా బడిలో లేరు కనుక తోబుట్టువు కింద లెక్కించరని చెప్పే బడులు ఉంటాయి.

నెలాఖరు దాటింది. మా ఫారం వెళ్లలేదు, ఆ ఒక్క సీటూ లాటరీలో కలిసింది. డ్రా డిసెంబరు మొదటి వారంలో. పక్క ఫ్లాటు ఆవిడ రోజూ ఫోను చూసుకుంటోంది. వస్తే 6.50 బస్సు వాళ్ల పాపది.