శాట్ రాసేవాళ్లకి బ్లూబుక్ యాప్: మేము వాడి చూశాక

మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని అమెరికా పంపాలనుకునేవాళ్లు కనిపించినప్పుడల్లా అడిగేది ఒక్కటే, శాట్‌కి (అమెరికా కాలేజీల్లో డిగ్రీ అడ్మిషన్ కోసం రాసే పరీక్ష) కోచింగ్ ఎక్కడ బాగుంటుందని. ఫీజు తర్వాత కడుదురు గానీ ముందు బ్లూబుక్ దింపుకోండి. శాట్ నడిపే కాలేజ్ బోర్డ్ వాళ్ల సొంత యాప్, పైసా ఖర్చు లేదు, అసలు పరీక్ష రాయాల్సింది కూడా ఇందులోనే. మాకిది తెలిసేసరికి ఒక సెంటర్‌కి డబ్బు కట్టేశాం, అక్కడ పిల్లతో రెండు వారాలు పాతకాలం పొడుగాటి పాసేజీలే చదివించారు. మన దేశంలో 2023 మార్చి నుంచే పరీక్ష కంప్యూటర్ మీదకి వచ్చేసింది, ఇప్పుడు ఇంగ్లిష్‌లో ప్రతి ప్రశ్నకీ ఒక చిన్న పేరానే.

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. మొదటి ప్రాక్టీస్ టెస్ట్ ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాసింది. 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల బ్రేక్. అయ్యాక చూస్తే మ్యాథ్స్‌లో ఐదు ఖాళీ. ఏంటమ్మా అంటే, "డౌట్‌గా ఉంది నాన్నా, మైనస్ పడుతుందేమోనని వదిలేశా" అంది. జేఈఈ అలవాటు! శాట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టాల్సిందేనని మన పిల్లలకి మొదటి రోజే చెప్పాలి.

ఇంకోటి, డెస్మోస్ కాలిక్యులేటర్ యాప్‌లోనే ఉంటుంది. మా అమ్మాయి కాగితం మీద క్వాడ్రాటిక్ ఫార్ములా వేసుకుంటూ కూర్చునేది, అదే సమీకరణం డెస్మోస్‌లో కొడితే గ్రాఫ్ అడ్డగీతని ఎక్కడ తాకుతోందో కళ్లముందే కనిపిస్తుంది. అలవాటు కావడానికి వారం పట్టింది గానీ ఆ తర్వాత మ్యాథ్స్‌లో టైమ్ మిగిలింది.

ఇంగ్లిష్, మ్యాథ్స్ ఒక్కోటీ రెండేసి మాడ్యూళ్లుగా, అంటే భాగాలుగా వస్తాయి. మొదటి మాడ్యూల్ రాసినదాన్ని బట్టే రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, తేలికది వస్తే స్కోరు ఒక హద్దు దాటదు. అందుకే మొదటి దాంట్లో తొందరపాటు తప్పులు దొర్లకుండా చూసుకోమంటాను.

లోపాలూ ఉన్నాయి. ఫోన్‌లో పనిచేయదు. టెస్టులు కొన్నే ఉన్నాయి, వరసపెట్టి రాసేస్తే పరీక్ష ముందు ఏమీ మిగలవు. తప్పు ఎందుకు తప్పో వివరణ మాత్రం మా పిల్లకి సరిపోలేదు, ముఖ్యంగా సెమీకోలన్ ప్రశ్నలు, వాటికి ఖాన్ అకాడమీ ఉచిత శాట్ కోర్సు పెట్టించాను. 5కి 4 ఇస్తాను. పరీక్ష రోజు లాప్‌టాప్ ఫుల్ చార్జింగ్‌తో, చార్జర్ వెంటపెట్టుకుని పంపండి.