గ్రేడిల్ సెట్టింగ్స్ ప్లగిన్: రిపాజిటరీ చిరునామాలన్నీ ఒక్కచోట

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులోని మా చిన్న కార్యాలయంలో జావా, కోట్లిన్ భాషల్లో రాసే ప్రాజెక్టులు పెరిగేకొద్దీ, లైబ్రరీలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే పంక్తులు ప్రతి బిల్డ్ ఫైలులోనూ పేరుకుపోయాయి. వాటిని గ్రేడిల్ (కోడ్‌ను ప్రోగ్రాముగా తయారుచేసే బిల్డ్ సాధనం) సెట్టింగ్స్ ఫైలుకు జతచేసే ఒక ప్లగిన్‌లోకి చేర్చి కొంతకాలంగా వాడుతున్నాము.

రిపాజిటరీలను, అంటే లైబ్రరీలు దొరికే సర్వర్లను, ఒక్కొక్క మాడ్యూల్‌లో (ప్రాజెక్టులోని ఉపభాగంలో) కాక సెట్టింగ్స్ ఫైలులోనే ప్రకటించే వీలును గ్రేడిల్ 6.8 కల్పించింది. ఆ ప్రకటననే ప్లగిన్‌గా రాసి సంస్థ సొంత రిపాజిటరీలో ఉంచితే, ప్రతి ప్రాజెక్టూ దాని పేరు, వెర్షన్ రాసుకుంటే చాలు. 2021లో జేసెంటర్ అనే పబ్లిక్ రిపాజిటరీ మూసివేత ప్రకటన వెలువడినప్పుడు ఎన్నో సంస్థలు ఫైలు ఫైలుకూ చిరునామా మార్చుకోవలసి వచ్చింది. ఈ పద్ధతిలో ప్లగిన్‌లో ఒకసారి మార్చి, ప్రాజెక్టులలో వెర్షన్ పెంచితే పని పూర్తవుతుంది.

అయితే ప్లగిన్ పెట్టగానే క్రమశిక్షణ వచ్చేయదు. ఏదైనా మాడ్యూల్ తనకంటూ ఒక్క రిపాజిటరీ ప్రకటించుకున్నా, ఆ మాడ్యూల్ విషయంలో గ్రేడిల్ సెట్టింగ్స్‌లోని జాబితాను పక్కన పెట్టేస్తుంది, ఎందుకంటే డిఫాల్ట్‌గా ఉండేది ప్రాజెక్టుకు ప్రాధాన్యమిచ్చే పద్ధతే. 'ఫెయిల్ ఆన్ ప్రాజెక్ట్ రిపోస్' అనే విధానాన్ని ప్లగిన్‌లోనే పెడితే అలాంటి బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇది లేకుండా ఈ శ్రమంతా దండగ అని నా అభిప్రాయం. సంస్థ సొంత లైబ్రరీలను సొంత రిపాజిటరీలో మాత్రమే వెతకాలన్న 'ఎక్స్‌క్లూజివ్ కంటెంట్' నియమాన్ని కూడా ఇక్కడే చేర్చుకోవచ్చు. అదే పేరుతో బయట ఎవరైనా దురుద్దేశంతో పెట్టిన లైబ్రరీ పొరపాటున లోపలికి రాకుండా ఇది కాపాడుతుంది.

లోపమల్లా ఆరంభంలోనే ఉంది. చిరునామాలన్నీ తెలిసిన ప్లగిన్‌కు, తాను దొరికే చిరునామాను మాత్రం ప్రతి ప్రాజెక్టూ తన సెట్టింగ్స్ ఫైలులోని 'ప్లగిన్ మేనేజ్‌మెంట్' భాగంలో రాసివ్వాలి. తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టుంటుంది ఈ వ్యవహారం. ప్రాజెక్టులోనే బిల్డ్ కోడ్ ఉంచుకునే బిల్డ్‌సోర్స్ ఫోల్డర్‌లో ప్లగిన్‌ను దాచుకుందామన్నా కుదరదు, సెట్టింగ్స్ ఫైలు అంతకంటే ముందే నడుస్తుంది. గ్రేడిల్ మొదలవగానే నడిచే ఇనిట్ స్క్రిప్ట్‌తో ఈ చిక్కు తప్పుతుంది గానీ, అది మామూలుగా ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఉండే ఫైలు కనుక, కొత్తగా చేరినవారికీ సీఐ సర్వర్‌కూ (బిల్డ్‌లను తానే నడిపే యంత్రానికీ) విడిగా అందించాలి.

పాస్‌వర్డులను ప్లగిన్‌లో రాయకూడదు. ఎవరి గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలులో వారు ఉంచుకోవాలి. ఒకటి రెండు ప్రాజెక్టులే ఉన్నవారికి సెట్టింగ్స్ ఫైలు సరిపోతుంది, ప్లగిన్ అవసరం లేదు. 6.8 కంటే పాత గ్రేడిల్‌తో నడుస్తున్న ప్రాజెక్టులుంటే ముందు వాటి ర్యాపర్‌ను (ప్రాజెక్టు ఏ గ్రేడిల్ వెర్షన్ వాడాలో చెప్పే ఫైళ్లను) కొత్త వెర్షన్‌కు మార్చుకోవాలి.