రోడ్రిగో ఇ గాబ్రియేలా: రెండు నైలాన్ గిటార్లలో ఒక మెటల్ బ్యాండ్

రోడ్రిగో సాంచెజ్, గాబ్రియేలా కింతేరో ఇద్దరూ మెక్సికో సిటీ వాళ్లు. పాట పాడరు. డ్రమ్స్ ఉండవు, బేస్ ఉండదు. చాలా ఆల్బమ్‌లలో ఉన్నవల్లా రెండు నైలాన్ తీగల గిటార్లు. అయినా వింటుంటే నలుగురైదుగురు వాయిస్తున్నట్టే ఉంటుంది. వీళ్ల సంగీతాన్ని ఎక్కువమంది ఫ్లమెన్కో అనుకుంటారు. ఫ్లమెన్కో కోసం వస్తే కొంత నిరాశ తప్పదు, ఎందుకంటే ఇది ఫ్లమెన్కో కాదు. ఈ మాట వాళ్లిద్దరూ ఇంటర్వ్యూలలో పదే పదే చెప్పారు కూడా.

ఫ్లమెన్కోకి ప్రాణం కంపాస్ అనే తాళచక్రం. సొలేయా, బులేరియా లాంటి రూపాల్లో 12 దెబ్బల ఆవృత్తం ఉంటుంది, ఊనికలు సమాన దూరాల్లో పడవు. రోడ్రిగో, గాబ్రియేలా పాటల్లో ఎక్కువ భాగం నాలుగు దెబ్బల రాక్ లెక్కలోనే నడుస్తుంది. పాట కట్టిన తీరు కూడా రాక్ తీరే: ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస), దాని మీద ఒక మెలడీ, నెమ్మదించే ఒక భాగం, మళ్లీ రిఫ్. నైలాన్ తీగల మోత, గాబ్రియేలా కుడిచేతి విదిలింపు చెవికి స్పెయిన్‌ని గుర్తు చేస్తాయి తప్ప, లోపలి ఎముకల గూడు మాత్రం మెటల్‌దే, అంటే బరువైన, దూకుడైన రాక్‌దే.

ఎందుకో తెలియాలంటే వీళ్లు అంతకుముందు ఏం చేశారో చూడాలి. ఇద్దరూ మొదట తియెర్రా ఆసిదా అనే త్రాష్ మెటల్ (మెటల్‌లో బాగా వేగమైన రకం) బ్యాండ్‌లో వాయించేవాళ్లు. త్రాష్‌లో గిటారిస్టు ప్రధానంగా నేర్చేది కుడిచేతి క్రమశిక్షణ. అరచేతి అంచుని బ్రిడ్జి (గిటార్ పెట్టె మీద తీగలు బిగించే పట్టీ) దగ్గర తీగల మీద ఆనించి, మోత నొక్కిపెట్టి, పిక్ అనే చిన్న బిళ్లతో వేగంగా, ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ కాకుండా కొట్టడం. గ్యాలప్ అనే నడక అక్కడిదే. ఒక పొడుగు దెబ్బ, దాని వెనకే రెండు పొట్టి దెబ్బలు: తా-తక, తా-తక. రోడ్రిగో వేగమైన రిఫ్‌లు విన్నప్పుడల్లా ఆ చెయ్యి కనిపిస్తుంది.

ఆ బ్యాండ్ అనుకున్నంత దూరం వెళ్లలేదు. తర్వాత ఇద్దరూ పసిఫిక్ తీరంలోని ఇస్తాపా వెళ్లి హోటళ్లలో గిటార్ వాయించారు. అతిథులు భోంచేస్తుంటే వెనక వినిపించే మెత్తటి సంగీతం అన్నమాట. ఈ దశని చాలామంది రెండు మాటల్లో తేల్చేస్తారు గాని, వీళ్ల సంగీతంలో లాటిన్ శ్రుతుల (కార్డ్‌ల) అల్లిక, నైలాన్ మీద మెలడీని సాగదీసే ఓపిక అక్కడే పట్టుబడ్డాయని మా అభిప్రాయం. 1999లో ఐర్లాండ్‌లోని డబ్లిన్ చేరి గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో, వీధిలో నిలబడి వాయించారు. వీధి వాయిద్యానికి ఒక లక్షణం ఉంది. నడిచిపోయే మనిషి మొదటి కొన్ని సెకన్లలోనే ఆగాలి. వీళ్ల పాటల్లో పొడుగాటి ఉపోద్ఘాతాలు అరుదు, రిఫ్ సూటిగా మొదలవుతుంది.

ఇక అసలు కిటుకు. ఎలక్ట్రిక్ గిటార్‌లో డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) వల్ల ఒక స్వరం చాలాసేపు నిలబడుతుంది. నైలాన్ తీగ మీద స్వరం పుట్టిన వెంటనే తగ్గిపోతుంది. మెటల్ రిఫ్‌ని యథాతథంగా నైలాన్ మీదకి తెస్తే స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలు పడతాయి, పాట పేలవంగా వినిపిస్తుంది. ఆ ఖాళీలు పూడ్చడమే గాబ్రియేలా పని. కుడి అరచేతి మడమతో గిటార్ పెట్టె మీద కొడితే బరువైన కింది మోత, వేళ్లతో అంచు దగ్గర తట్టితే పదునైన పై మోత. మృదంగానికి ఎడమ, కుడి ముఖాలు ఎలాగో అలా. ఈ రెంటి మధ్య మణికట్టు తిప్పుతూ తీగల మీద తిస్రంలో (బీటుకి మూడు చొప్పున) విదిలింపులు. శ్రుతి, తాళం, కొంత బేస్ అన్నీ ఒకే చెయ్యి ఒకే కదలికలో ఇస్తుంది. రోడ్రిగో ఎక్కువగా పిక్‌తో రిఫ్‌లు, మెలడీలు, సోలోలు చూసుకుంటాడు. కాబట్టి ఆయన లీడ్, ఆమె తోడు అనే లెక్క ఇక్కడ చెల్లదు. ఆమె చెయ్యి ఆగిన చోట పాట ఎంత పలచబడుతుందో ఏ ఆల్బమ్‌లోనైనా గమనించవచ్చు.

కొత్తగా వినేవాళ్లు మొదలుపెట్టాల్సింది 2006 నాటి ఆల్బమ్‌తో. పేరు కూడా వాళ్ల పేరే. జాన్ లెకీ ప్రొడ్యూసర్. ఐర్లాండ్ చార్టుల్లో నేరుగా మొదటి స్థానంలో దిగింది, అదీ పాటలో ఒక్క మాట కూడా లేకుండా. మొత్తం తొమ్మిది ట్రాకులు. రికార్డింగ్ పొడిగా, దగ్గరగా ఉంటుంది. హాలు ప్రతిధ్వని మరీ ఎక్కువ కలపలేదు, అందుకే వేలి గోరు తీగని తాకిన చప్పుడు, పెట్టె మీద పడ్డ దెబ్బ వేర్వేరుగా తెలుస్తాయి.

మొదటి ట్రాకు 'తమాకూన్' వీళ్ల పరిచయపత్రం. ఇస్తాపా ప్రాంతంలో మొసళ్లను కాపాడే ఒక మనిషి పేరు దీనికి పెట్టారు. ప్రధాన రిఫ్‌ని ఒకసారి రోడ్రిగో మీద, ఇంకోసారి గాబ్రియేలా మీద దృష్టి పెట్టి వినండి. రెండోసారి విన్నప్పుడు అది వేరే పాటలా ఉంటుంది. 'దియాబ్లో రోహో' దానికంటే దూకుడు. 'ఇస్తాపా'లో హంగరీ వయొలిన్ విద్వాంసుడు రోబీ లకతోష్ అతిథి. ఈ ఆల్బమ్‌లో మూడో వాయిద్యం చేరిన చోటు అదే, అయినా గిటార్లు పక్కకి తప్పుకోవు.

ఇందులో వేరేవాళ్ల పాటలు రెండున్నాయి. లెడ్ జెప్లిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' అందంగానే ఉంది, కానీ అసలు పాటలో మాటలు మోసిన బరువుని గిటార్ పూర్తిగా ఎత్తుకోలేకపోయిందనిపిస్తుంది. మెటాలికా 'ఓరియన్' విషయం వేరు. 1986లో వచ్చిన ఆ పాట అసలే వాద్యగీతం, క్లిఫ్ బర్టన్ బేస్ దానికి గుండెకాయ. మధ్యలో వేగం తగ్గి, నడక మారి, బేస్ ముందుకొచ్చే భాగం ఉంటుంది కదా, రెండు నైలాన్ గిటార్లతో ఈ పాట నిలబడుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. నిలబెట్టారు. తోడు వాయించే గిటార్ కింది తీగల మీద ఆ వరసని నిలిపి, పై గిటార్ తొందరపడకుండా మెలడీని విప్పుతుంది. త్రాష్‌ని బయటినుంచి చూసి ముచ్చటపడిన వాళ్లు ఇలా చెయ్యలేరు. ఆ పాటలతో పెరిగిన చేతులివి. ఈ ఆల్బమ్‌లో ఒక్క ట్రాకే వినే సమయం ఉంటే 'ఓరియన్' వినండి, అసలు పాట వెంటనే మళ్లీ ఈ రూపం పెట్టుకుని.

అంతకుముందు 2002లో వచ్చిన 'రీ-ఫోక్' అభిమానుల కోసం. ఆలోచనలు ఉన్నాయి గాని శబ్దానికి ఇంకా ఆ పదును రాలేదు. 2004 నాటి మాంచెస్టర్, డబ్లిన్ లైవ్ రికార్డు మాత్రం వదలకండి. స్టూడియోలో కన్నా వేగం ఎక్కువ, గాబ్రియేలా దెబ్బలకి జనం అరుపులే జవాబు.

2009 ఆల్బమ్ '11:11'లో పదకొండు పాటలు, ఒక్కొక్కటీ ఒక్కో సంగీతకారుడికో బృందానికో నివాళి. పేర్లు చూడగానే తెలుగువాళ్లు ఆగిపోతారు: 'హనుమాన్', 'త్రివేణి', 'సావిత్రి', 'ఆత్మన్'. పేర్లను బట్టి భారతీయ రాగాలు ఆశించవద్దు. 'హనుమాన్' కార్లోస్ సంటానాకి, 'త్రివేణి' పాలస్తీనా ఊద్ (అరబ్బు తంత్రీవాద్యం) కళాకారులైన జుబ్రాన్ సోదరులకి, 'సావిత్రి' జాన్ మెక్‌లాఫ్లిన్‌కి. 'ఆత్మన్' పాంటెరా గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ కోసం. అందులో అతిథి టెస్టమెంట్ బ్యాండ్‌కి చెందిన అలెక్స్ స్కోల్‌నిక్, అంటే నిఖార్సైన త్రాష్ మనిషి. తియెర్రా ఆసిదా రోజులకి ఈ జంట బాహాటంగా దండం పెట్టింది ఇక్కడే. కూర్పులో 2006 కన్నా ఇది పక్వమైన ఆల్బమ్. అయితే అక్కడక్కడ గిటార్ మీద గిటార్ పొరలుగా పేర్చారు. ఇద్దరే వాయిస్తున్నారన్న ఉద్వేగం ఆ మేరకు తగ్గింది.

2012 నాటి 'ఏరియా 52' మా దృష్టిలో బలహీనమైనది. పాత పాటల్నే 13 మంది క్యూబా ఆర్కెస్ట్రాతో మళ్లీ చేశారు. వాద్యకారులు గొప్పవాళ్లే. చిక్కల్లా ఎక్కడంటే, కాంగాలు (క్యూబా డోళ్లు), ఇత్తడి వాయిద్యాలు వచ్చేసరికి గాబ్రియేలా చెయ్యి పూడ్చాల్సిన ఖాళీలే మిగల్లేదు. పూడ్చే పని లేకపోతే ఆమె వాద్యం వినిపించదు, వినిపించకపోతే ఇది వీళ్ల సంగీతం కాదు. 2014లో '9 డెడ్ అలైవ్'తో తిరిగి రెండు గిటార్లకే వచ్చేశారు. అందులో 'ద సౌండ్‌మేకర్' 19వ శతాబ్దపు స్పెయిన్ గిటార్ నిర్మాత ఆంతోనియో దె తొర్రెస్‌కి అంకితం. ఇవాళ్టి క్లాసికల్ గిటార్ ఆకారం, పెట్టె లోపల విసనకర్రలా పరుచుకున్న ఆధారపు పట్టీలు చాలావరకు ఆయన స్థిరపరిచినవే. పెట్టెనే డోలుగా వాడే మనిషి ఆయన్ని తలుచుకోవడం ఎంత సముచితం!

2019 నాటి 'మెట్టవల్యూషన్'కి సమకాలీన వాద్య సంగీత ఆల్బమ్ విభాగంలో గ్రామీ వచ్చింది. ఆరు సొంత పాటలు, చివర పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్'. అసలు పాట 23 నిమిషాల పైచిలుకు, ఇక్కడ దాదాపు 19. నైలాన్ స్వరం నిలవదన్న సమస్య వీళ్లకి ఇంత పెద్దగా ఎక్కడా ఎదురై ఉండదు, ఎందుకంటే 'ఎకోస్' అంతా నిలిచే శబ్దాల మీదే నడుస్తుంది. మొదటి, చివరి భాగాల్లో బాగా నెగ్గారు. నడుమ శబ్దాలతో నిండిన భాగం మాత్రం ఓపిక అడుగుతుంది. సొంత పాటల్లో 'టెర్రాసెంట్రిక్' రిఫ్ బిగువుగా ఉంది.

2023లో వచ్చిన 'ఇన్ బిట్వీన్ థాట్స్... ఎ న్యూ వరల్డ్'లో ఎలక్ట్రిక్ గిటార్, ఎలక్ట్రానిక్ శబ్దాలు, ఆర్కెస్ట్రా కూడా చేరాయి. దీని వెనక అద్వైత వేదాంతం ప్రేరణ ఉందని వాళ్లే చెప్పారు. 'డిసెండింగ్ టు నోవేర్' లాంటి పాటల్లో రోడ్రిగో మళ్లీ ఎలక్ట్రిక్ పట్టుకుంటే, పాత మెటల్ చెయ్యి ముసుగు లేకుండా బయటికొస్తుంది. దీన్ని మొదట వినవద్దు. 2006, '11:11' విన్నాక వింటే ఏది వదిలి ఏది పట్టుకున్నారో తెలుస్తుంది.

వినే పద్ధతి గురించి ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో ఈ సంగీతం సగమే వినిపిస్తుంది. చిన్న స్పీకర్‌కి కింది మోతలు పలకవు, అంటే గాబ్రియేలా అరచేతి దెబ్బలు దాదాపు మాయమవుతాయి. రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి కూడా. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. బేస్ పెంచే సెట్టింగ్ ఆపేయండి, అది పెట్టె దెబ్బని ఉబ్బించి రిఫ్‌ని మింగేస్తుంది.

విని ఊరుకోలేక వాయించాలనుకునే గిటారిస్టులకి. స్టీల్ తీగల గిటార్ మీద ఈ విదిలింపు సాధన చెయ్యకండి, గోళ్లు అరిగి వేళ్లు కోసుకుపోతాయి. నైలాన్ తీగల గిటార్ కావాలి. దాని పైచెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే, కాబట్టి బలంగా గుద్దవద్దు. బ్రిడ్జికి కాస్త పైన, చెక్కకి కింద పట్టీ ఆధారం ఉన్న చోటు చూసుకుని అరచేతి మడమ బరువుని వదలండి చాలు. ఉంగరాలు, గడియారం తీసేయండి.

విదిలింపుకి తేలికైన దారి ఇది. వేళ్లు విచ్చుతూ గోళ్లతో కిందికి ఒకటి, బొటనవేలితో కిందికి రెండోది, అదే బొటనవేలి గోటితో పైకి మూడోది. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి బీటుకి మూడు చొప్పున. మూడు దెబ్బలూ ఒకే బరువుతో వచ్చేదాకా వేగం పెంచవద్దు. సాధారణంగా చెడేది మూడోది: బొటనవేలు ఒకటి రెండు తీగలకే తగిలి దెబ్బ తేలిపోతుంది, తిస్రం కుంటుతుంది. మోచెయ్యి ఊపుతుంటే అలాగే అవుతుంది. కదలిక మణికట్టు నుంచే రావాలి. ఎడమచేతి వేళ్లు తీగల మీద తేలిగ్గా ఆనించి, మోత రాకుండా ముందు వట్టి తాళమే సాధించండి, శ్రుతులు తర్వాత.

వేదిక మీద వాయించేవాళ్లకి ఇంకో చిక్కు. సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పలక) కింద పెట్టే పియెజో పికప్, అంటే కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పట్టీ, తీగని బాగా పట్టుకుంటుంది, పెట్టె దెబ్బని మాత్రం టక్కుమనే పొడి చప్పుడుగా ఇస్తుంది. అందుకే పెట్టె లోపల చెక్కకి అంటించే ఇంకో పికప్ గాని, చిన్న మైక్ గాని కావాలి. రెండింటినీ వేర్వేరు చానళ్లకి పంపి, రెండోదాంట్లో పై మోతలు కోసి కింది మోత మాత్రమే ఉంచాలి. ఆ చానల్ శబ్దం పెంచితే గిటార్ ఊళ పెడుతుంది. సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టి, ఊళ వేస్తున్న ఫ్రీక్వెన్సీ ఏదో వెతికి సన్నగా కోస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. మానిటర్ స్పీకర్ గిటార్ ముఖానికి ఎదురుగా లేకుండా చూసుకోండి.