ఎడారిలో ఆర్‌వీ ప్రయాణం: 'ఫ్రీ అప్‌గ్రేడ్' అంటే ఒప్పుకోకండి

"మీ అదృష్టం బాగుంది, అదే రేటుకి పెద్ద బండి ఇస్తున్నాం" అని లాస్ వేగాస్‌లో ఆర్‌వీ (పడకలు, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర చెప్పగానే మా ఇద్దరి గుండెల్లో రాయి పడింది. మేం కావాలనే 25 అడుగుల బండి బుక్ చేసుకున్నాం. డెత్ వ్యాలీ అనే ఎడారి పార్కులో ఆర్టిస్ట్స్ డ్రైవ్, డాంటేస్ వ్యూ అనే రెండు రోడ్ల మీదికి 25 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు. ఆ రెండూ చూడాలనే నెలల ముందు ఆ సైజు ఎంచుకున్నాం. తీరా వెళ్తే మా బండి సర్వీసింగ్‌లో ఉందట, 30 అడుగులది తీసుకోమన్నారు. మా ఆయన కాంట్రాక్టు తీసి అడిగితే, కౌంటర్‌లో ఉన్నామె "25 అడుగులు లేదా అలాంటిదే" అన్న లైను చూపించింది. అయిదడుగుల తేడా ఉన్నది అలాంటిదే ఎలా అవుతుంది? క్రిస్మస్ సెలవులు, ఊళ్ళో ఇంకెక్కడా బండి దొరకదు. అత్తయ్య, మామయ్య సామాన్ల పక్కన కూర్చుని మా మొహాలే చూస్తున్నారు. చివరికి తీసుకున్నాం. మీరు మాత్రం బుక్ చేసేటప్పుడే "ఇంత పొడవు దాటకూడదు" అని మెయిల్‌లో రాయించుకోండి.

ఖర్చు కూడా ఇక్కడే చెప్పేస్తాను. వెబ్‌సైట్‌లో రోజుకి 89 డాలర్లు అని ఉంటుంది. దాన్ని బట్టి బడ్జెట్ వేసుకోకండి. మైలుకి 45 సెంట్లు విడిగా తీసుకుంటారు. మేం 980 మైళ్ళు తిరిగాం, అంటే 441 డాలర్లు. 'ప్రిపరేషన్' పేరుతో ఇంకో 75. దుప్పట్లు, తలగడలు వాళ్ళిస్తే మనిషికి 65 అన్నారు. మేం బయట ఆరుగురికీ కలిపి 120కి కొనుక్కున్నాం. జనరేటర్ గంటకి 4. బండి తిరిగిచ్చేటప్పుడు 31 గంటలు వాడామని బిల్లు వేశారు. మా పెద్దమ్మాయి మొదటి రోజే జనరేటర్ మీటర్‌ని ఫోటో తీసి ఉంచింది కాబట్టి సరిపోయింది. అది చూపిస్తే 19 గంటలకి దిగారు, 48 డాలర్లు వెనక్కి వచ్చాయి. గ్యాస్‌కి, అంటే పెట్రోలుకి, 486 అయింది. ఆ బండి గాలన్‌కి ఎనిమిదిన్నర మైళ్ళకి మించి ఇవ్వలేదు.

డెత్ వ్యాలీకి వెళ్ళే దారిలో పారంప్‌లోనే ట్యాంక్ నింపుకోండి, లోపల గ్యాస్ రేటు చాలా ఎక్కువ. పార్కు ప్రవేశం బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, క్యాష్ తీసుకోరు. 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది ఇక్కడే. ఎండాకాలంలో చాలా అద్దె కంపెనీలు బండిని ఇటు తీసుకెళ్ళనివ్వవు. మేం వెళ్ళింది డిసెంబర్ కాబట్టి పగలంతా పల్చటి స్వెటర్‌తో హాయిగా తిరిగాం. బాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉంటుంది. వెనక కొండ మీద చాలా పైన 'సీ లెవెల్' అని బోర్డు పెట్టారు. తలెత్తి అది చూస్తే గానీ మనం ఎంత లోతులో ఉన్నామో తెలియదు. కింద ఉప్పు పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది, అంచులు చేతికి గరుగ్గా తగులుతున్నాయి. మా చిన్నోడు వద్దన్నా వినకుండా వేలు అద్ది నాకి మొహం వికారంగా పెట్టాడు.

ఆర్టిస్ట్స్ డ్రైవ్ మొదట్లో బోర్డు దగ్గర ఆగాం. ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగుల కొండల మధ్యగా తొమ్మిది మైళ్ళ వన్‌వే రోడ్డు అది. మా ముందే ఒక చిన్న క్యాంపర్ వ్యాన్ లోపలికి వెళ్ళిపోయింది. అక్కడ మా ఆయనకి వచ్చిన కోపం సాయంత్రం దాకా దిగలేదు. నాకూ ఇప్పటికీ ఆ బాధ పోలేదు. మర్నాడు పొద్దున్నే చలిలో జాబ్రిస్కీ పాయింట్ దగ్గర సూర్యోదయం చూశాకే అందరం కాస్త మామూలు మనుషులమయ్యాం.

హూవర్ డ్యామ్ మామయ్య కోసం. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి, 726 అడుగుల గోడ మీద నిలబడి కదలనన్నారు. నీళ్ళలోని ఇన్‌టేక్ టవర్ల (డ్యామ్‌లోకి నీళ్ళు తీసుకునే బురుజుల) మీద గడియారాలుంటాయి, ఒకటి నెవాడా టైము, ఒకటి అరిజోనా టైము. చలికాలంలో వాటి మధ్య గంట తేడా ఉంటుంది. ఆర్‌వీలని పార్కింగ్ గరాజ్‌లోకి రానివ్వరు. సెక్యూరిటీ చెక్ అయ్యాక డ్యామ్ దాటి అరిజోనా వైపు ఆపుకోవాలి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు.

ఇక అసలు గొడవ. లేక్ హవాసు దగ్గర, కొలరాడో నది పక్కన ఒక ప్రైవేట్ ఆర్‌వీ రిసార్టులో దిగాం. ఫోటోల్లో వేడినీళ్ళ స్విమ్మింగ్ పూల్, ఖర్జూరం చెట్లు. రాత్రికి 94, రిసార్ట్ ఫీజు 12, ఇద్దరి తర్వాత ప్రతి మనిషికీ 5 చొప్పున ఇంకో 20. మొత్తం 126 డాలర్లు. పూల్‌కి తాళం వేసి ఉంది. పిల్లలు దారి పొడవునా ఆ పూల్ గురించే మాట్లాడుకుంటూ వచ్చారు. మన మురుగునీళ్ళు వదలాల్సిన సీవర్ పైపు మూతి నేల మీంచి జానెడు ఎత్తులో ఉంది, మన ట్యాంక్‌లోంచి నీళ్ళు అంత ఎత్తుకి ఎలా ఎక్కుతాయి? మా ఆయన గొట్టాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, కొంచెం కొంచెంగా తోస్తూ అరగంట అవస్థ పడ్డారు.

చీకటి పడ్డాక కరెంటు పేచీ మొదలుపెట్టింది. లైట్లు మసకబారాయి, మైక్రోవేవ్ మూలిగింది, హీటర్ వేస్తే బ్రేకర్ పడిపోయింది. ఆఫీసుకి వెళ్తే మేనేజర్ కుర్చీలోంచి లేవకుండా "అద్దె బండ్లన్నీ అంతే, మీ బండిలోనే లోపం" అన్నాడు. పక్క సైట్‌లో కెనడా నుంచి చలికాలం గడపడానికి వచ్చిన పెద్దాయన తన వోల్టేజ్ మీటర్ తెచ్చి మా సైట్ కరెంటు స్తంభానికి పెట్టి చూశాడు. 120 ఉండాల్సిన చోట 97 చూపించింది. చలి రాత్రి అందరూ హీటర్లు వేస్తే పాత వైరింగ్ తట్టుకోదు, ఇంత తక్కువ వోల్టేజ్‌లో వాడితే ఏసీ, మైక్రోవేవ్ పాడవుతాయి అని చెప్పాడు. ప్లగ్ తీసేసి బండిలోని ప్రొపేన్ ఫర్నెస్ (సిలిండర్ గ్యాస్‌తో నడిచే హీటర్) వేసుకున్నాం. దాని ఫ్యాన్ నడిచేది బ్యాటరీ మీద. తెల్లవారుజామున అదీ ఆగిపోయింది. రాత్రిపూట జనరేటర్ వేయడానికి అక్కడ ఒప్పుకోరు. అత్తయ్య రెండు స్వెటర్లు, శాలువా కప్పుకుని మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. "నాకేం ఫర్వాలేదమ్మా, పిల్లలకి కప్పు" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. పొద్దున మీటర్ ఫోటో చూపించి డబ్బు అడిగితే "రాత్రంతా ఉన్నారుగా, రీఫండ్ కుదరదు" అన్నాడు. డబ్బు కట్టే ముందే స్తంభానికి మీటర్ పెట్టి చూసుకోండి, చిన్నది ఒకటి కొనుక్కున్నా ఆ ఒక్క రాత్రి ఖర్చులో సగం కూడా కాదు.

ఆ ఊళ్ళో చూడాల్సింది లండన్ బ్రిడ్జి. అసలైన లండన్ బ్రిడ్జే. 1968లో మెకల్లక్ అనే వ్యాపారి 24 లక్షల 60 వేల డాలర్లకి కొని, రాయి రాయిగా విప్పించి తెచ్చి, ఎడారిలో మళ్ళీ కట్టించాడు. ఫ్రీగా నడిచి రావచ్చు.

అక్కడి నుంచి క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరికి దిగాక మా అందరి మూడ్ మారిపోయింది. ఊరి చుట్టూ ప్రభుత్వ భూమి. చాలా చోట్ల 14 రోజుల దాకా ఊరికే ఉండొచ్చు. మేం లా పోసా అనే చోట 40 డాలర్లు కట్టాం, 14 రోజుల పర్మిట్ అది. ఒక్క రాత్రే ఉన్నా లాభమే అంటాను నేను. ఎందుకంటే డంప్ స్టేషన్ (మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు), మంచినీళ్ళు, చెత్త పారేసే చోటు అన్నీ అందులోనే వస్తాయి. ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్‌ది) వదిలి, తర్వాత గ్రే ట్యాంక్ (సింకు, స్నానం నీళ్ళది) వదిలితే సబ్బునీళ్ళతో గొట్టం కూడా కడిగినట్టవుతుంది. కనుచూపు మేర ఖాళీ నేల, పక్క బండి ఎక్కడో వంద గజాల అవతల. అత్తయ్య బయట స్టవ్ పెట్టుకుని రసం కాచారు, ఆ రాత్రి అందరం కడుపునిండా తిన్నాం. ఊళ్ళో హై జాలీ సమాధి చూడండి. 1856లో అమెరికా సైన్యం తెప్పించిన ఒంటెలతో వచ్చిన హాజీ అలీ అతను. సమాధి పిరమిడ్ ఆకారంలో ఉంటుంది, పైన రాగి ఒంటె.

కాలిఫోర్నియాలోకి దాటగానే బ్లైత్ దగ్గర పళ్ళూ మొక్కల తనిఖీ ఉంది. ఆర్‌వీ అంటే ఫ్రిజ్‌లో ఏముందో తప్పకుండా అడుగుతారు. మా నారింజపళ్ళతో పాటు అత్తయ్య తెచ్చుకున్న కరివేపాకు కవరు కూడా తీసేసుకున్నారు. కరివేపాకు మీద చేరే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు మోసుకొస్తుందట. ఆ ఆఫీసర్ ఎంత మర్యాదగా వివరించినా అత్తయ్య మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ముందే వాడేసుకోండి.

జాషువా ట్రీ పార్కులోకి దక్షిణం వైపు కాటన్‌వుడ్ గేటు నుంచి వెళ్ళండి, అక్కడ నీళ్ళు నింపుకోవచ్చు. జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళూ కరెంటూ ఏవీ ఉండవు. అయినా మా ట్రిప్‌లో నేను మళ్ళీ వెళ్ళాలనుకునే చోటు అదే. పిల్లలు చీకటి పడేదాకా బండరాళ్ళు ఎక్కి దిగుతూనే ఉన్నారు, ఫోన్ సిగ్నల్ లేదన్న మాటే ఎత్తలేదు. చోయా కాక్టస్ తోటలో మాత్రం చిన్నపిల్లల చెయ్యి వదలకండి. ఆ ముళ్ళు తగిలితే చాలు, ముక్క ఊడి బట్టలకి పట్టేస్తుంది, లాగడానికి దువ్వెన కావాలి.

పామ్ స్ప్రింగ్స్‌లో కేబుల్ మీద వేలాడుతూ నడిచే ట్రామ్ ఎక్కి పది నిమిషాల్లో 8,516 అడుగుల ఎత్తుకి వెళ్ళాం. కింద టీ షర్టులు, పైన మంచు. సెలవుల్లో వెళ్తే టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, పొద్దున్నే మొదటి ట్రామ్‌లకే వెళ్ళండి. ఆలస్యమైతే ఇంత పొడవు బండి పెట్టడానికి చోటు దొరకదు.