రాయగడ రోడ్ల మీద మూడేళ్ల అడాస్: ఏది పనికొచ్చింది, ఏది ఆపేయాలి

మూడేళ్లలో 54 వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఇది. తిరిగిన దార్లు మూడు: రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం, కొరాపుట్ వైపు ఘాట్లు, ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి. ముందు అద్దం పైభాగాన లోపలివైపు ఒక కెమెరా, బంపర్ వెనక 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఉన్నాయి. ఈ రెండింటితో రోడ్డు చూస్తూ డ్రైవరుకి సాయపడే ఏర్పాటునే అడాస్ అంటారు, దీనిది లెవెల్ 2. స్టీరింగుకీ బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ బండి సాయం పడుతుంది, రోడ్డు చూసే పని మాత్రం పూర్తిగా డ్రైవరుదే. షోరూంలో "దానంతటదే నడుస్తుంది" అని చెబితే నమ్మకండి.

పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది ఆటో బ్రేకు. సంత రోజున ఆగి ఉన్న ఆటో వెనక నుంచి మనిషి రోడ్డు మీదికి వచ్చినా, ముందు పోయే బైకు ఉన్నట్టుండి కుడికి తిరిగినా, మన కాలు బ్రేకు మీదికి చేరేలోపే పట్టేస్తుంది. 40 లోపు వేగంలో దాదాపు పూర్తిగా ఆపుతుంది. 70 దాటితే దెబ్బ తగ్గించగలదేమో గానీ తప్పించలేదు. హెడ్‌లైటు వెలుగు పడని మనిషి రాత్రిపూట కెమెరాకి కనపడడు. ఆవులు, మేకల ఊసు మాన్యువల్‌లోనే లేదు. పశువులు అడ్డొచ్చే చోట ఈ బ్రేకు లేదనుకునే నడపాలి.

డిసెంబరు, జనవరిల్లో చోళ్లూ ధాన్యమూ రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు పట్టా, దాని అంచున వరసగా తలకాయంత రాళ్లు. ఆ రాళ్లు రాడార్ లెక్కలోకి రావు, కెమెరా వాటిని గుర్తుపట్టదు. క్రూయిజ్ (మనం పెట్టిన వేగాన్నీ, ముందు బండితో ఎడాన్నీ బండే చూసుకునే ఫీచరు) వేసి ఉంటే బండి అదే వేగంతో వాటి మీదికి పోతుంది. చెడిపోయిన లారీ వెనక పెట్టే చెట్టుకొమ్మల సంగతీ ఇంతే.

ఆగిన లారీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. రాడార్ వస్తువుల్ని వాటి కదలికను బట్టి వేరుచేస్తుంది. కల్వర్టు గోడ, సైన్‌బోర్డు, ఆగిన లారీ, మూడూ దానికి కదలని వస్తువులే. కనపడిన ప్రతి గోడకీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు కాబట్టి, వేగంగా పోయేటప్పుడు కదలనివాటిని చాలావరకు వడగట్టేస్తుంది. అది లారీయేనని కెమెరా తేల్చాలి. మంచులో కెమెరా తేల్చలేదు. చలికాలం పొద్దుటిపూట కొరాపుట్ ఘాట్లలో క్రూయిజ్ వాడొద్దనేది అందుకే. మలుపుల్లో ఇంకో ప్రమాదం ఉంది: ముందు బండి వంపు తిరిగి రాడార్ చూపు తప్పగానే, దారి ఖాళీ అనుకుని ఇది వేగం పెంచుతుంది.

16వ నంబరు మీద క్రూయిజ్ హాయిగా ఉంటుంది. 80 వేగంలో రెండు సెకన్ల ఎడం అంటే 44 మీటర్లు. ఆ సందులోకి ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు, అయినా ఎడం తగ్గించొద్దు. బండిని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్టు 60 దాటాకే పనిచేస్తుంది, రెండువైపులా గీతలు ఉండాలి. పార్వతీపురం రోడ్డులో తారు అతుకుని గీత అనుకుని స్టీరింగు లాగుతుంది. అక్కడ ఆపేయండి, బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ ఆన్ అవుతుంది. వేగం బోర్డులు చదివే ఫీచరైతే లారీ వెనకున్న 80 స్టిక్కర్‌ని కూడా బోర్డనే అనుకుంటుంది.

దసరా ఆయుధ పూజకీ, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకీ మా వైపు బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేస్తాం. బొట్టు బానెట్ మీద పెట్టండి. అద్దం మీద కెమెరా ఎదుట ఆరిన పసుపు పొర కొంచెం మిగిలినా ఎదురెండలో దానికి ఏమీ కనపడదు. బంపర్ మధ్యలో వేలాడే తడి బంతిపూల దండ, నిమ్మకాయలు రాడార్‌కి అడ్డం, ఎందుకంటే నీరు ఆ తరంగాల్ని పీల్చేస్తుంది. ఎర్రబురదా అంతే, తడిగుడ్డతో తుడిస్తే హెచ్చరిక పోతుంది. ఇనుప బుల్ గార్డు బిగించొద్దు. కేంద్ర రవాణా శాఖ 2017లోనే వాటిని వద్దంది.

అద్దం మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్, అంటే దాని చూపుని మళ్లీ సరిచేయడం, తప్పదు. కెమెరా 1 డిగ్రీ పక్కకి తిరిగితే 50 మీటర్ల దూరాన 87 సెంటీమీటర్లు తేడా వస్తుంది, అంటే పక్క వరసలో బైకుని మన ముందున్నట్టు చూస్తుంది. సమంగా ఉన్న నేల, టార్గెట్ బోర్డు, టైర్లలో సరైన గాలి ఉన్న చోటే చేయించండి. బిల్లులో కాలిబ్రేషన్ అని విడిగా రాయించుకోండి.

ఇక కంప్యూటర్ భద్రత. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా చేతిలోకి తీసుకున్నారు. 14 లక్షల బండ్లు రీకాల్ అయ్యాయి. మన దగ్గర అంత తెలివి అక్కర్లేకుండానే దారి దొరుకుతోంది, ఆ దారి తెరిచేది మనమే. మైలేజీ చూడ్డానికి ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) గుచ్చే చవక బ్లూటూత్ డాంగిల్ పిన్ నంబరు చాలావాటికి 1234. ఆ సాకెట్‌లో 6, 14 నంబరు పిన్నులు క్యాన్ తీగలు, బండిలో కంప్యూటర్లు మాట్లాడుకునేది వాటి మీదే. ఎవరు మాట్లాడుతున్నారని ఆ తీగ అడగదు. 16వ పిన్నుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి బ్యాటరీ కూడా దిగిపోతుంది. పని అవగానే పీకేయండి. డాష్‌క్యామ్‌కి వైరు కోసి అతకనివ్వొద్దు, ఫ్యూజు పెట్టెలోంచి వైరు కోయకుండా కరెంటు తీసే ఫ్యూజ్ ట్యాప్ వేయించండి.

ఇంట్లో ఉన్న కీలెస్ తాళం (జేబులో ఉంటే చాలు, బండి తెరుచుకునేది) సిగ్నల్‌ని ఇద్దరు దొంగలు యాంటెన్నాలతో గడప దగ్గర్నుంచి బండి దాకా సాగదీస్తారు. సిగ్నల్ ఆపే పర్సు వాడండి, నెలకోసారి పరీక్షించండి: తాళం పర్సులో పెట్టి తలుపు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే ఆ పర్సు అరిగిపోయినట్టే.

ఏపీ 39 (ఆంధ్ర) నంబరు బండి కొని ఓడీ 18 (రాయగడ) నంబరుకి మార్పించుకునేవాళ్లు ఎన్‌ఓసీ, ఆర్‌సీ చూసుకుని ఊరుకుంటున్నారు. పాత యజమాని యాప్‌లో బండి ఇంకా ఉంటే, అది రాయగడలో ఏ వీధిలో ఉందో ఆయన విజయనగరం నుంచి చూడొచ్చు, తలుపూ తీయొచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఆయన చేతే యాప్‌లోంచి బండి తీయించి, స్క్రీన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బండికి ఎన్ని తాళాలు నమోదయ్యాయో సర్వీస్ సెంటర్ స్కానర్‌లో చూపించమనండి. మీ చేతికి రెండే వచ్చి అక్కడ మూడు కనపడితే, మూడోది చెరిపించాకే బయానా ఇవ్వండి.