గాంధీ రోడ్డు పక్క సందులో పాత రికార్డుల దుకాణం

తిరుపతి గాంధీ రోడ్డును ఆనుకొని ఉన్న ఒక సందులోని ఈ దుకాణంలో అధికభాగం భక్తిగీతాలు, పాత సినిమా పాటల రికార్డులే అయినా, వెనుక అరలో జాజ్, రాక్ ఎల్పీలు (ఒక్కో వైపు ఎక్కువసేపు మోగే లాంగ్ ప్లే రికార్డులు) కూడా దొరకడం మన ఊళ్లో అరుదైన సంగతి. రాక్ విభాగంలో అట్టలు చిరిగినవే ఎక్కువ, ధరలు మాత్రం ఘనం.

జాజ్ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నేను కొన్నది అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959లో వెలువరించిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు తర్వాతి కాలపు ముద్రణ. ఆ రికార్డు మొదటి వైపు పియానో, బేస్ వాద్యాలతో ఎంతో మెల్లగా మొదలవుతుంది కనుక గాడిలో దుమ్ము ఉంటే చిటపటలు అక్కడే బయటపడతాయి. దీపం కింద ఏటవాలుగా పట్టి చూసినప్పుడు సన్నని గీతలు కనిపించినా, ఇంట్లో వింటే ట్రంపెట్ అందుకొనే లోపు రెండు మూడు చిటపటలకు మించి వినిపించలేదు.

అసలు లోపం నిల్వ చేసే పద్ధతిలో ఉంది. నిలువుగా ఉంచవలసిన ఎల్పీలను ఒకదానిపై ఒకటి పేర్చడం వల్ల అడుగువి వంకర తిరిగాయి. వెడల్పు గాడి గల 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులకూ ఎల్పీ ముల్లే చాలునని యజమాని చెప్పే మాటను నమ్మకండి. వినిపించి చూపే ప్లేయర్ కూడా లేదు (ఇంత సరుకు పెట్టుకొని!), కాబట్టి బేరం తప్పక ఆడండి.