సొంతంగా కట్టుకున్న క్యాంపర్ ట్రైలర్: 21,000 కిలోమీటర్ల తరువాత నా సమీక్ష

నేను కట్టుకున్న క్యాంపర్ ట్రైలర్‌ను, అంటే పడకా వంటగదీ ఉన్న చిన్న చక్రాల గూటిని, 2021 డిసెంబరులో మా బొలెరోకు తగిలించి, బెంగళూరు నుంచి మొదటిసారిగా హార్స్‌లీ హిల్స్ దాకా తీసుకువెళ్లాను. అది నేటికి 21,000 కిలోమీటర్లు తిరిగింది. వాటిలో అన్నిటికన్నా పెద్దది 2023 డిసెంబరు 18న మొదలుపెట్టి నేనూ నా భార్యా 19 రోజులపాటు చేసిన ప్రయాణం. బెంగళూరు నుంచి తిరుపతి, నెల్లూరు, రాజమండ్రి, విశాఖ మీదుగా అరకు వెళ్లి, లంబసింగి, మారేడుమిల్లి, భద్రాచలం, శ్రీశైలం, కర్నూలు చూసుకుంటూ ఇంటికి చేరాము. సుమారు 2,600 కిలోమీటర్లు అయింది. వారాంతపు ప్రయాణాల్లో కనబడని లోపాలు కొన్ని ఆ 19 రోజుల్లోనే బయటపడ్డాయి కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ప్రయాణం గురించే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పడక ఎంత మెత్తన, వంటగది ఎంత పెద్దది అన్నవి తరువాతి సంగతులు. ఇంట్లో కట్టుకున్న ట్రైలర్ మంచిదో కాదో తేల్చేవి రెండే విషయాలు. బరువు ఎక్కడ కూర్చుంది, నీరు ఎక్కడ దూరుతోంది. ఈ రెండింటిలోనూ నేను మొదట తప్పు చేసి, తరువాత దిద్దుకున్నాను.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ కావాలి, బీమా కావాలి, దాని సొంత నంబరు పలక ఉండాలి. అందుచేత ఇనుప చట్రాన్ని నేను వెల్డింగు చేసుకోలేదు, కాగితాలన్నీ ఇవ్వగల తయారీదారు దగ్గర పీణ్యలో కొన్నాను. దానిమీది గూడు మాత్రం పూర్తిగా మా చేతిపని. ప్లైవుడ్ మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లోనూ, వైర్లు, స్విచ్చులు, ఫ్యూజులు ఎస్పీ రోడ్డులోనూ కొన్నాను. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి, ఒక్కొక్క పక్క గోడకు ఒక్కొక్క పూర్తి షీటు సరిపోయేలా కొలతలు పెట్టుకున్నాను. లోపల 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. హాయిగా కూర్చోవచ్చు, నిలబడడానికి వీలుండదు. పడకకు ఆరుంబావు అడుగులు పోగా మిగిలిన వెనుక భాగం వంటగది. దాని తలుపు పైకి తెరుచుకుని ఎండకూ చినుకులకూ గొడుగులా నిలుస్తుంది. ఖాళీ బరువు 430 కిలోలు, సామానుతో 560. మొత్తం ఖర్చు 2,70,000 రూపాయలు.

ఇక బరువు సంగతి. మొదటి ప్రయాణంలో నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, సిలిండరు అన్నీ వంటగది పక్కనే ఉంటే అనుకూలమని వెనుకనే పెట్టాను. చింతామణి దాటిన తరువాత, పల్లంలో 70 కిలోమీటర్ల వేగంతో దిగుతుండగా ఒక లారీ మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలి తోపుకు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. మొదటి ఊపు చిన్నది, రెండవది దానికన్నా పెద్దది, మూడవ ఊపుకు బొలెరో వెనుక చక్రాలు కూడా పక్కకు లాగబడుతున్నట్టు స్టీరింగులో తెలిసింది. బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా, యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసినందువల్ల అది సర్దుకుంది. అయినా నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

తరువాతి వారం పలమనేరులో మా నాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన యౌవనమంతా ఎద్దులబండి తోలినవారు. ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బండి ముందర బరువు లేకుంటే కాడి ఎద్దు మెడ మింద నిలవదురా. ఎక్కువైతే ఎద్దే నిలవదు" అన్నారు. ట్రైలర్ పుస్తకాలు ముక్కు బరువు అని చెప్పేది సరిగ్గా ఇదే. మొత్తం బరువులో ఇంచుమించు పదో వంతు కారు వెనుక ఉన్న బంతి కొక్కెం మీద పడాలి. దాన్ని కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే తూనికను సమతలంలో పెట్టి, దానిమీద కొక్కెం ఎత్తుకు సరిపోయే చెక్క దుంగను నిలబెట్టి, ట్రైలర్ ముక్కును దానిపైకి దించితే చాలు. నాది 18 కిలోలు చూపింది. ఉండవలసినది 56.

60 లీటర్ల ట్యాంకును సరిగ్గా ఇరుసుపైకి జరిపాను. అలా చేస్తే నీళ్లు నిండుగా ఉన్నా, అడుగంటినా ముక్కు బరువు మారదు. బ్యాటరీని ఇరుసు దాటించి ముందుకు తెచ్చాను. తూనిక 50 చూపింది. బట్టల సంచులు ముందువైపు సర్దితే మిగిలినది కూడా కుదురుతుంది. ఆనాటి నుంచి ఈ రోజు వరకు తోక ఊపడమన్నది లేదు. నెల్లూరు నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి 16 మీద లారీలు, బస్సులు ఎన్ని దాటిపోయినా బండి నిలకడగా వచ్చింది. అయినప్పటికీ 65 కిలోమీటర్లకు మించి నడపను. ట్రైలర్ లేనప్పుడు లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే మా బొలెరో దీనితో పదిన్నర ఇస్తుంది.

ఆ పెద్ద ప్రయాణంలో తెల్లవారుజామున 4 గంటలకే బయలుదేరి, కేఆర్ పురం వేలాడే వంతెన, హోసకోట దాటేసరికి వెలుగు రాలేదు. బెంగళూరులో ఈ పొడవుతో పగటిపూట కదలడం కష్టం కాబట్టి అదే సరైన సమయం. పలమనేరు దాటిన తరువాత వచ్చే మొగిలి ఘాటులో, నా ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేని లోటు స్పష్టంగా తెలిసింది. వెనుక నుంచి 560 కిలోలు నెడుతుంటే బ్రేకు మీదే ఆధారపడడం ప్రమాదం. దిగుడు మొదలుకాకముందే మూడవ గేరుకు, మలుపుల దగ్గర రెండవ గేరుకు వచ్చి, ఇంజను పట్టుతోనే దిగాను. వెనుక లారీలు హారన్ కొడుతూనే ఉన్నాయి, కొట్టనిచ్చాను.

కావలి సమీపంలో టీ కోసం ఆగినప్పుడు, ఆగిన ప్రతిచోటా చేసినట్టే, రెండు చక్రాల నడిమి భాగాలైన హబ్బుల మీదా అరచేయి ఆనించి చూశాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిదాని మీద చేయి నిలవలేదు. జాకీ పెట్టి చక్రాన్ని తిప్పితే, ఇసుక నూరుతున్నట్టు సన్నని రాపిడి చప్పుడు వచ్చింది. తప్పు నాదే. బయలుదేరేముందు హబ్బు లోపల చక్రాన్ని తిప్పే టేపర్ రోలర్ బేరింగులకు కొత్త గ్రీజు పెట్టి, నట్టును బలంగా బిగించి వదిలేశాను. చక్రం తిప్పుతూ బిగించి, ఆ తరువాత నట్టును కాస్త వెనక్కి వదులు చేసి, అది అక్కడే నిలిచేలా శీల దించాలి. వేడెక్కినప్పుడు సాగడానికి ఇనుముకు ఆ కాస్త చోటు కావాలి. రహదారి పక్కనే ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దాయన విప్పి చూసి, బయటి బేరింగు రోలర్లు నీలిరంగుకు తిరిగాయని చూపించారు. నా దగ్గర ఒక జత బేరింగులు, గ్రీజు సీళ్లు అదనంగా ఉండబట్టి గంటన్నరలో బయలుదేరగలిగాము. ఈ రెండూ లేకుండా ఎవరూ ట్రైలర్‌తో దూరప్రయాణానికి బయలుదేరవద్దని గట్టిగా చెబుతున్నాను. కట్టేటప్పుడు తీసుకున్న ఒక నిర్ణయం గురించి ఇక్కడే సంతృప్తితో చెప్పాలి. ట్రైలర్‌కు బొలెరో చక్రాలే సరిపోయే హబ్బులు వేయించాను. రెండు బండ్లకూ ఒకే స్టెప్నీ పనికివస్తుంది, టైరు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

నీటి విషయంలో నాకు పాఠం నేర్పింది ప్రయాణం కాదు, ఇంటి ముందు నిలబెట్టిన రోజులు. 2022 సెప్టెంబరులో బెంగళూరును ముంచెత్తిన వానలకు పరుపు తలవైపు మూల తడిసింది. తడిసిన మూలకు పైన కప్పును ఎంత వెదికినా చిల్లు దొరకలేదు. నీరు కప్పు వెనుక అంచు దగ్గర దూరి, ప్లైవుడ్‌కూ అల్యూమినియం రేకుకూ మధ్య సందులో ఎనిమిది అడుగులు పాకి, ముందువైపు బయటపడుతోందని గ్రహించడానికి రెండు ఆదివారాలు పట్టింది. కారణం నేను అతుకులకు వాడిన మామూలు సిలికాన్. 2.4 మీటర్ల అల్యూమినియం రేకు పగటికీ రాత్రికీ 30 డిగ్రీల తేడా వస్తే ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా సాగి ముడుచుకుంటుంది. ఎండలో చేత్తో తాకలేనంత వేడెక్కే కప్పుకు ఆ తేడా పెద్దదేమీ కాదు. సిలికాన్ రేకును వదిలి, వెంట్రుకవాసి సందు ఇచ్చింది. అదంతా గీకి తీసి, అతుకుల కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయురెథేన్ సీలెంటు వేశాను. అప్పటి నుంచి చుక్క కారలేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీటిని తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్ వాడినందువల్ల పలక పొరలు విడిపోలేదు గాని, రంగు పూయడం మరిచిన ఒక బోల్టు రంధ్రం చుట్టూ అరచేతి వెడల్పున నల్లబడి ఉబ్బింది. ఆ ముక్క కోసి కొత్తది అతికించవలసి వచ్చింది. ప్రతి రంధ్రానికీ, ప్రతి కోత అంచుకూ ముందే వార్నిష్ తాగించాలన్నది అలా తెలిసింది.

అయితే నీరు బయటి నుంచే రానక్కరలేదు. లంబసింగి చలిలో తలుపులూ కిటికీలూ బిగించుకుని పడుకున్నాము. తెల్లవారుజామున నుదుటి మీద చుక్క పడి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే, కప్పు లోపలి పలకను పట్టి ఉంచిన స్క్రూల తలల మీద ఒక్కొక్క నీటి బొట్టు, వరుసకు వరుస, ముత్యాలు గుచ్చినట్టు వేలాడుతున్నాయి. మధ్యలో 25 మిల్లీమీటర్ల ఫోము పొర ఉన్న చోట ఎక్కడా తడి లేదు. స్క్రూ ఒక్కటే బయటి చలిని నేరుగా లోపలికి తెస్తోంది, ఇద్దరి ఊపిరిలోని తేమ అక్కడ మంచులా పేరుతోంది. మరునాటి రాత్రి కప్పు మీది గాలి కిటికీని రెండు అంగుళాలు తెరిచి, చిన్న ఫ్యాను తక్కువ వేగంలో తిప్పాను. కాస్త చలి వేసిన మాట నిజమే గాని ఒక్క బొట్టు పడలేదు. కొత్తగా కట్టేవారు లోపలి పలకను స్క్రూలతో కాక జిగురుతో అతికించడం మేలు.

వంటగది గురించి ఫిర్యాదు లేదు. 5 కిలోల చిన్న సిలిండరు 19 రోజులకూ సరిపోయింది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది కాబట్టి, సిలిండరు పెట్టె అడుగున రంధ్రాలు తప్పక ఉండాలి, పైన ఉంటే ప్రయోజనం లేదు. మారేడుమిల్లిలో బొంగు చికెన్ కొనుక్కున్న రాత్రి తప్ప, రోజూ ఒక పూటైనా సొంత వంటే. కడియపులంక నర్సరీల పక్కన కుక్కరులో పప్పు ఉడుకుతుండగా, ఇది టిఫిన్ బండేమోనని ఇద్దరు వచ్చి అడిగారు. వారికి కాఫీ ఇచ్చి పంపాము. కరెంటుకు 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, కప్పు మీద 200 వాట్ల సౌర పలక ఉన్నాయి. చిన్న ఫ్రిజ్, ఫ్యాను, దీపాలకు అవి చాలు. ఒక్కటే చిక్కు. చెట్టు నీడలో ఆపితే గూడు చల్లగా ఉంటుంది, పలకకు ఎండ తగలదు. ఇంకోసారి కడితే పలకను విడిగా నేలమీద పరిచేలా ఏర్పాటు చేస్తాను.

అనంతగిరి ఘాటులో రివర్సు చేయవలసి వచ్చినప్పుడు పడిన తిప్పలు చెప్పకుండా ఉండలేను. పొట్టి ట్రైలర్ పొడవుదానికన్నా త్వరగా మడత పడుతుంది. స్టీరింగును కింది భాగంలో పట్టుకుంటే, ట్రైలర్ తోక ఎటు పోవాలో చేతిని అటే జరపవచ్చు. ఈ చిన్న కిటుకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాలుగు నెలల సాధన తగ్గేది. నా భార్య వెనుక నిలబడి చేయి ఊపనిదే ఇప్పటికీ నేను రివర్సు చేయను.

రాత్రులు పెట్రోలు బంకుల్లోనో, సత్రాల ఆవరణల్లోనో, అనుమతి అడిగి ఆపుకున్నాము. స్నానానికీ మరుగుదొడ్డికీ వాటి మీదే ఆధారపడాలి, ట్రైలర్‌లో ఆ ఏర్పాటు లేదు. పెద్దవారితో, చిన్నపిల్లలతో వెళ్లేవారికి అందుకే దీన్ని సిఫారసు చేయలేను. అపార్ట్‌మెంటులో ఉండేవారు, కొనేముందే, అది మిగతా రోజుల్లో నిలిచే చోటు చూసుకోవాలి. మాది ఇప్పుడు హోసకోటలో బంధువుల స్థలంలో ఉంటుంది, దానికోసం ప్రతిసారీ ముందురోజు సాయంత్రం వెళ్లి రావలసిందే.

తిరుగుప్రయాణంలో దోర్నాల చేరేసరికి రాత్రి 9 దాటింది. నల్లమల పులుల అభయారణ్యం గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసివేస్తారు. మా ముందు ఆగిన కార్లలో మనుషులు సీట్లు వాల్చుకుని కునుకు తీస్తుంటే, మేము ఉప్మా చేసుకుని తిని, దుప్పటి కప్పుకుని పడుకున్నాము. ఆరింటికి గేటు తీసిన చప్పుడుకే లేచాము. అరచేతితో హబ్బులు తడిమి చూశాను, రెండూ చల్లగా ఉన్నాయి.

ఓవర్‌రన్ బ్రేకు అమర్చడానికి చట్రం చేసినవారికే ఇప్పుడు ఇచ్చాను. ముందు బండి నెమ్మదించినప్పుడు ట్రైలర్ నెట్టే ఒత్తిడితోనే ఆ బ్రేకు తనంతట తానే పడుతుంది. అది వచ్చాక మొదట మొగిలి ఘాటు మీదుగా పలమనేరుకూ చిత్తూరుకూ నాలుగైదుసార్లు దిగి ఎక్కి చూసి, ఆ తరువాతే మరో దూరప్రయాణం.